ఎదురు సీటు

జెర్సీ సిటీలో కొత్తగా దిగినవాళ్ళకి మనవాళ్ళు ముందు అన్నం పెడతారు, తర్వాత సలహాలు వడ్డిస్తారు. రాత్రి పది దాటాక సబ్‌వే ఎక్కొద్దు. రద్దీ వేళలో ఒక్క పెట్టె మాత్రం ఖాళీగా కనిపిస్తే సంబరపడి అందులో దూరొద్దు, ఖాళీగా ఉండటానికి కారణం ఉంటుంది. ప్లాట్‌ఫారమ్ మీద పసుపు గీతకి దూరంగా, వీలైతే గోడకో స్తంభానికో ఆనుకుని నిలబడాలి. ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడొద్దు. ఎవరైనా అరుస్తుంటే తర్వాతి స్టేషన్లో దిగి పక్క పెట్టెలోకి మారిపోవాలి. ఇవన్నీ ఒకప్పుడు నాకు చెప్పారు, ఇప్పుడు నేను వేరేవాళ్ళకి చెబుతున్నాను.

ఈ సలహాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కొన్నిటికి పుట్టిన తారీఖు కూడా ఉంది. అది తెలిశాక న్యూయార్క్ సబ్‌వే చరిత్రని ఆ వైపు నుంచి చదవడం అలవాటైంది నాకు. ఎవరు తవ్వారు, ఎంత ఖర్చయింది అని కాదు. ఏ కాలంలో జనం దేనికి భయపడ్డారు, అదే కాలంలో నిజంగా ప్రాణాలు తీసింది ఏది అని. ఈ రెండూ ఒకచోట కలిసిన సందర్భాలు చాలా తక్కువ.

మొదటి భయం మనుషుల గురించి కాదు, గాలి గురించి. 1904 అక్టోబర్ 27న సబ్‌వే మొదలైంది. సిటీ హాల్ నుంచి బ్రాడ్‌వే మీద 145వ వీధి దాకా తొమ్మిది మైళ్ళ చిల్లర, 28 స్టేషన్లు, టికెట్ 5 సెంట్లు. మేయర్ జార్జ్ మెక్లెలన్ లాంఛనంగా ట్రైన్‌ని కదిలించి పక్కకి తప్పుకోవాలి. ఆయన తప్పుకోలేదు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా పట్టుకున్న పిడి వదలకుండా 103వ వీధి దాకా తనే నడిపాడు. వెనక పెట్టెల్లో నగరంలోని పెద్దమనుషులంతా ఉన్నారు. నడపడం రానివాడి చేతిలో ట్రైన్ ఉందని ఎవరూ గొడవ చేసినట్టు లేదు. పత్రికలు ముచ్చటపడ్డాయి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మనిషి నేల కిందికి పోయేది ఒక్కసారే అనే నమ్మకం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది. తర్వాతి ఎండాకాలానికి సొరంగాలు కుంపటిలా తయారయ్యాయి. ఈ గాలి పీలిస్తే రోగాలొస్తాయని గోల మొదలైంది. జార్జ్ సోపర్ అనే ఇంజినీరుని పరీక్షించమన్నారు. ఆయన నెలల తరబడి గాలిని సీసాల్లో పట్టి, ధూళిని తూచి, లోపలి గాలిలో సూక్ష్మజీవులు పైన వీధిలో కన్నా తక్కువే ఉన్నాయని తేల్చాడు. కాకపోతే నల్లటి ధూళి ఒకటి కనిపించింది. బ్రేకులు, చక్రాలు, పట్టాలు రాసుకుని అరిగిన ఇనుము అది, అయస్కాంతం పెడితే అతుక్కునేది. దానివల్ల పెద్ద హాని కనిపించలేదని రాశాడు. (ఈ సోపరే ఆ తర్వాత టైఫాయిడ్ ఎలా వస్తోందో వెతుక్కుంటూ వెళ్ళి మేరీ మాలన్ అనే వంటమనిషిని పట్టుకున్నాడు. టైఫాయిడ్ మేరీ అని లోకమంతా పిలిచింది ఆమెనే.) జనం శాంతించారు. గాలి సంగతి మరిచిపోయారు. 2021లో న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు ఈశాన్య అమెరికాలోని భూగర్భ స్టేషన్లలో గాలిని కొలిస్తే సన్నటి ధూళి విపరీతంగా ఉంది, అందులో ఎక్కువ భాగం ఇనుమే. నూరేళ్ళ కింద వదిలేసిన భయానికి ఇప్పుడు అంకెలు దొరికాయి. కానీ ఇప్పుడు దానికెవరూ భయపడరు. వాట్సాప్ గ్రూపుల్లో గాలి గురించి ఒక్క హెచ్చరికా నాకు కనిపించలేదు.

రెండో భయం ఆడవాళ్ళది. 1908లో హడ్సన్ నది కింద నుంచి మాన్‌హాటన్‌కి ట్రైన్లు మొదలయ్యాయి. ఇవాళ మనవాళ్ళు జర్నల్ స్క్వేర్‌లో ఎక్కే పాథ్ ట్రైన్ అదే. కిక్కిరిసిన పెట్టెల్లో మగవాళ్ళు మీదమీదకి వస్తున్నారని ఆడవాళ్ళు మొత్తుకుంటే, 1909 వసంతంలో రద్దీ వేళల్లో చివరి పెట్టె వాళ్ళకే కేటాయించారు. పత్రికలు దాన్ని 'హెన్ కార్' అని వెక్కిరించాయి. తెలుగులో అయితే పెట్టల పెట్టె అనొచ్చు. మాకు విడిగా పెట్టె ఇస్తే మిగతా పెట్టెలన్నీ మగవాళ్ళ సొత్తని ఒప్పుకున్నట్టే కదా అని ఆడవాళ్ళలోనే కొందరు వ్యతిరేకించారు. మూడు నెలలకి ఎత్తేశారు. ముంబై లోకల్లోనూ హైదరాబాద్ మెట్రోలోనూ ఆడవాళ్ళకి విడిగా చోటు ఇప్పటికీ ఉంది, ఆ వాదనా ఇప్పటికీ తేలలేదు. భయమూ ప్రమాదమూ ఒకచోటే ఉన్న అరుదైన సందర్భాల్లో ఇదొకటి. దాన్నేమో నవ్వి వదిలేశారు.

ఇక 1918కి వద్దాం. అక్టోబర్‌లో స్పానిష్ ఫ్లూ నగరాన్ని ఊడ్చేస్తోంది. ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ సబ్‌వే మూయించలేదు. ఆఫీసులు, దుకాణాలు తెరిచే వేళలు వేరువేరుగా పెట్టి, అందరూ ఒకేసారి ట్రైన్ల మీద పడకుండా చూశాడు. పక్కవాడు దగ్గితే వణికిపోయే రోజులవి. ఆ రోజుల్లోనే, నవంబర్ 1 శుక్రవారం పొద్దున, బ్రూక్లిన్ రాపిడ్ ట్రాన్సిట్ కంపెనీలో మోటర్‌మన్లు సమ్మెకి దిగారు. యూనియన్లో చేరినవాళ్ళని కంపెనీ పనిలోంచి తీసేసింది, అదీ తగువు. ట్రైన్లు ఆపడం కంపెనీకి ఇష్టం లేదు. ఆఫీసులో డ్యూటీలు వేసే ఎడ్వర్డ్ లూచియానో అనే కుర్రాడిని సాయంత్రం ట్రైన్ ఎక్కించారు. అతను ఫ్లూ నుంచి అప్పుడే లేచాడు. అదే ఫ్లూలో వారం ముందు బిడ్డని పాతిపెట్టి వచ్చాడు. నడపడంలో శిక్షణ నామమాత్రం, ఆ లైను మీద అనుభవం అసలే లేదు.

జనం పనులు ముగించుకుని ఇళ్ళకి పోయే వేళ. కొయ్య పెట్టెల ట్రైన్. మాల్బోన్ వీధి కింద సొరంగంలోకి దిగేచోట మలుపు ఉంది, అక్కడ గంటకి 6 మైళ్ళకి మించకూడదు. ట్రైన్ 30 మైళ్ళకి పైనే వచ్చింది. మధ్య పెట్టెలు సొరంగం గోడకి కొట్టుకుని అగ్గిపెట్టెల్లా చితికిపోయాయి. కనీసం 93 మంది చనిపోయారు. మేయర్ మెక్లెలన్ ముచ్చట తీర్చుకున్న పధ్నాలుగేళ్ళకి, నడపడం రానివాడి చేతిలో పెట్టిన ట్రైన్ చేసిన పని ఇది. ఈసారి నడపమన్నది కంపెనీ.

లూచియానో మీదా, కంపెనీ అధికారుల మీదా కేసులు పెట్టారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. పది రోజులకే యూరప్‌లో యుద్ధం ముగిసింది, మొదటి పేజీ దానికి పోయింది. మాల్బోన్ వీధి పేరు చెబితే జనం ఉలిక్కిపడుతున్నారని ఆ వీధికి ఎంపైర్ బులెవార్డ్ అని కొత్త పేరు పెట్టారు. పేరు మార్చడంతో పాటు కొన్ని మంచి పనులూ జరిగాయి. కొయ్య పెట్టెలు మెల్లగా పోయాయి, వేగం మించితే దానంతట అదే బ్రేకు పడే ఏర్పాట్లు పెరిగాయి. సబ్‌వే భయాల గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ పేరు ఎవరూ తీసుకురారు. న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన నా సహోద్యోగులు నలుగురైదుగురిని అడిగి చూశాను. ఎంపైర్ బులెవార్డ్ తెలుసు, మాల్బోన్ తెలియదు.

మనం సినిమాల్లో చూసిన సబ్‌వే, గోడల నిండా రాతలతో, ఆరిపోతూ వెలుగుతూ ఉండే బల్బులతో, 1970ల నాటిది. 1975లో నగరం దివాలా అంచుకొచ్చింది. పోలీసులనీ అగ్నిమాపక సిబ్బందినీ వేలల్లో తీసేస్తామంది. వాళ్ళ యూనియన్లు ఊరుకోలేదు. 'వెల్‌కమ్ టు ఫియర్ సిటీ' అనే చిన్న పుస్తకం అచ్చేసి పర్యాటకులకి పంచడానికి తయారయ్యాయి. ముఖచిత్రం మీద ముసుగు వేసుకున్న పుర్రె. సాయంత్రం ఆరు దాటాక కాలినడకన తిరగొద్దు, మాన్‌హాటన్ దాటి పోవొద్దు, సబ్‌వే మాత్రం ఏ కారణం చేతా ఎక్కొద్దు అని అందులో సలహాలు. నేను జెర్సీ సిటీలో విన్న సలహాలకి ముత్తాతలు ఇవే అనిపిస్తుంది. రాసింది నేరాల మీద పరిశోధన చేసినవాళ్ళు కాదు, ఉద్యోగాలు పోతున్న పోలీసులు. వాళ్ళ బాధ నిజమే, వీధుల్లో నేరాలు పెరిగిన మాటా నిజమే. కానీ భయాన్ని బేరంలో పెట్టొచ్చని ఆ ఏడాది అందరికీ తెలిసిపోయింది.

తెలిసినవాళ్ళలో కర్టిస్ స్లివా ఒకడు. బ్రాంక్స్‌లో హాంబర్గర్ల దుకాణంలో రాత్రి మేనేజరు. 1979లో పన్నెండు మందిని పోగేసి, ఎర్ర టోపీలు పెట్టి, ట్రైన్లలో గస్తీ మొదలెట్టాడు. అవే గార్డియన్ ఏంజెల్స్. వాళ్ళు పెట్టెలోకి వస్తే ప్రాణం లేచొచ్చేదని చెప్పుకున్నవాళ్ళు చాలామంది. 1992లో స్లివా ఒప్పుకున్నాడు, తొలినాళ్ళ సాహసాల్లో కొన్ని పేరు కోసం కల్పించినవేనని. తర్వాత రెండుసార్లు మేయర్ పదవికి పోటీ చేసి ఓడిపోయాడు.

ఆ రోజుల గురించి నాకు బాగా నచ్చిన రచన 1979లో సోషియాలజిస్టు నేథన్ గ్లేజర్ గ్రాఫిటీ మీద రాసిన వ్యాసం. పెట్టె నిండా పిచ్చిరాతలు చూసిన ప్రయాణికుడికి ఇక్కడ ఎవరి అదుపూ లేదని అర్థమవుతుంది, రాతలు రాసినవాడూ కత్తి చూపించేవాడూ ఒక్కరే అయినట్టు తోస్తుంది, అని ఆయన వాదన. రాసిన కుర్రాళ్ళు దొంగలా కాదా అన్నది కాదు, చూసేవాడికి ఏమనిపిస్తుంది అన్నదే లెక్క. నగరం ఈ మాట పట్టుకుంది. 1989 మే 12న రాతలున్న చివరి ట్రైన్‌ని పక్కన పెట్టేశారు. మరుసటి ఏడాది, 1990లో, సబ్‌వేలో 26 హత్యలు జరిగాయి. అంత శుభ్రమైన పెట్టెల్లో అన్ని హత్యలు! ఆ ఏడాది మొత్తం నగరంలో హత్యలు 2,200 పైచిలుకు, సబ్‌వేలో ప్రయాణాలు సుమారు వంద కోట్లు. అంటే చావుకి అత్యంత ప్రమాదకరమైన ఆ ఏడాదిలో కూడా, పైన వీధిలోనే, మాట్లాడితే ఇంట్లోనే, చచ్చే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ.

లెక్కలు ఇలా చెబితే మా ఇంట్లో ఎవరూ వినరు. నిజానికి వినక్కర్లేదు కూడా. వీధిలో భయమేస్తే అవతలి పక్కకి దాటొచ్చు, పరిగెత్తొచ్చు. రెండు స్టేషన్ల మధ్య ఆగిన పెట్టెలోంచి ఎక్కడికి పోతాం? ఎదురు సీట్లో ఎవరున్నారో వాళ్ళతోనే ఉండాలి. సబ్‌వే భయం తక్కిన భయాల్లాంటిది కాదు. అది ముఖాముఖీ భయం. ముఖం చూసి అంచనా వేయడం, రంగు చూసి, బట్టలు చూసి, వాసన చూసి. ఆ అంచనాకి చరిత్రలో పెట్టని గుర్తుగా మిగిలిన తేదీ 1984 డిసెంబర్ 22.

ఆ మధ్యాహ్నం రెండో నంబర్ ట్రైన్‌లో బెర్నార్డ్ గెట్జ్ అనే తెల్లవాడు కూర్చున్నాడు. అదే పెట్టెలో బ్రాంక్స్ నుంచి వస్తున్న నలుగురు నల్ల కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకడు అయిదు డాలర్లు ఇమ్మన్నాడు. అడిగాడా, బెదిరించాడా అన్నది ఇప్పటికీ వాదనే. గెట్జ్ లైసెన్సు లేని రివాల్వర్ తీసి నలుగురినీ కాల్చాడు. డారెల్ కేబీ అనే కుర్రాడికి వెన్నెముక తెగి నడుము కింద చచ్చుబడిపోయింది. గెట్జ్‌ని అంతకు మూడేళ్ళ ముందు ఇంకో స్టేషన్‌లో కొట్టి దోచుకోబోయారన్నదీ నిజమే. అతని భయం అబద్ధం కాదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. కాల్చినవాడి ఆచూకీ చెప్పమని పోలీసులు పెట్టిన ఫోన్ నంబరుకి మెచ్చుకోళ్ళు వెల్లువెత్తాయి. కుర్రాళ్ళ దగ్గర పదును పెట్టిన స్క్రూడ్రైవర్లు దొరికాయని పత్రికలు రాశాయి. స్క్రూడ్రైవర్లు ఉన్నమాట నిజం, వీడియో గేమ్ మెషీన్లలో చిల్లర కొట్టేయడానికి తెచ్చుకున్నవి. పదును మాత్రం పత్రికలే పెట్టాయి. 1987లో జ్యూరీ హత్యాయత్నం నేరం లేదంది, అక్రమంగా తుపాకీ పెట్టుకున్నందుకు మాత్రం శిక్ష వేసింది. దాదాపు ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. 1996లో సివిల్ కేసులో ఇంకో జ్యూరీ కేబీకి 4 కోట్ల 30 లక్షల డాలర్లు ఇమ్మంది. మొదటి జ్యూరీ కూర్చున్నప్పుడు నగరం భయంలో ఉంది. రెండోది కూర్చునేనాటికి నేరాలు బాగా తగ్గాయి, కేసు విన్నది కూడా బ్రాంక్స్‌లో. న్యాయం ఎప్పుడు, ఎక్కడ అడుగుతున్నామన్న దాన్నిబట్టి ఉంటుందని నాకు ఇంత నగ్నంగా చూపించిన కేసు ఇంకోటి లేదు.

ఈ సందడి ఇంకా చల్లారకముందే, 1991 ఆగస్టు 28 అర్ధరాత్రి దాటాక, యూనియన్ స్క్వేర్ దగ్గర ఒక ట్రైన్ పట్టాలు తప్పింది. మోటర్‌మన్ తాగి ఉన్నాడు. అయిదుగురు చనిపోయారు, రెండు వందల మందికి దెబ్బలు తగిలాయి. పెట్టెలో ప్రతివాడూ ఎదుటివాడి చేతులకేసి చూస్తూ కూర్చున్న రోజుల్లో, ముందు గదిలో తలుపు వెనక ఉన్నవాడిని ఎవరు చూస్తారు?

గోడకి ఆనుకుని నిలబడమనే సలహాకి వద్దాం. 1999 జనవరిలో 23వ వీధి స్టేషన్లో కెండ్రా వెబ్‌డేల్ అనే అమ్మాయిని ఒకతను వస్తున్న ట్రైన్ ముందుకి తోసేశాడు. అతనికి స్కిజోఫ్రీనియా. తనకి బాగాలేదని, చేర్చుకోమని తనంతట తానే ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాడు. ఆ ఏడాదే కెండ్రా పేరుతో చట్టం వచ్చింది, కోర్టు ఆదేశంతో వైద్యం చేయించేందుకు. మంచాలు మాత్రం చట్టం పెరిగినంతగా పెరగలేదు.

2012 డిసెంబర్ 27 రాత్రి మన ఇళ్ళకి ఇంకా దగ్గరగా వచ్చింది. క్వీన్స్‌లో ఏడో నంబర్ ట్రైన్ నేల మీద కాదు, నేల కిందా కాదు, వంతెన మీద పోతుంది. 40వ వీధి స్టేషన్లో కలకత్తాలో పుట్టిన సునందో సేన్ నిలబడి ఉన్నాడు. కొలంబియా యూనివర్సిటీ దగ్గర ప్రింటింగ్ షాపు పెట్టుకున్నవాడు. వెనక నుంచి ఒక స్త్రీ తోసేసింది. 2001 నుంచి హిందువులన్నా ముస్లింలన్నా తనకి ద్వేషమని పోలీసులకి చెప్పింది. మనవాళ్ళలో అప్పటిదాకా 'వాళ్ళకి' భయపడమని సలహాలు ఇచ్చేవాళ్ళు, ఆ వారం కొత్త సంగతి గ్రహించారు. ఎదురు సీట్లో కూర్చున్నవాడికి మనమే 'వాళ్ళు'. 2005లో లండన్ పేలుళ్ళ తర్వాత న్యూయార్క్ స్టేషన్లలో సంచుల సోదా మొదలైంది. వీపు మీద బ్యాగుతో మెట్లు దిగే గోధుమరంగు మగవాడు ముందే జిప్పు తీసి పెట్టుకోవడం నేర్చుకున్నాడు. నేనూ నేర్చుకున్నాను.

ఇక్కడ సత్ హరి సింగ్ గురించి చెప్పాలి. సిక్కు మతం తీసుకున్న అమెరికన్, తలపాగాతో ట్రైన్ నడిపే ఉద్యోగి. 2001 సెప్టెంబర్ 11న ట్రేడ్ సెంటర్ వైపు పోతున్న తన ట్రైన్‌ని వెనక్కి నడిపి ప్రయాణికులని బయటపడేశాడు. శభాష్ అన్నారు. 2004లో, తలపాగా తీసెయ్, లేదంటే ప్రయాణికులకి కనపడకుండా యార్డులో పనిచెయ్ అన్నారు. తర్వాత తలపాగా మీద సంస్థ గుర్తు కుట్టుకోమన్నారు. కోర్టుకెక్కితే 2012లో రాజీ కుదిరింది. గుర్తు లేకుండానే కట్టుకోవచ్చు, రంగు మాత్రం యూనిఫామ్‌ది ఉండాలి.

కోవిడ్‌ నాటికి భయం మళ్ళీ గాలికే తిరిగొచ్చింది. 2020 మేలో, 1904 నుంచి రాత్రింబగళ్ళు నడిచిన సబ్‌వేని శుభ్రం చేయడానికని రాత్రి ఒంటిగంట నుంచి అయిదు దాకా మూశారు. దాంతో పెట్టెల్లో పడుకునే ఇల్లులేనివాళ్ళు బయటపడ్డారు. ట్రైన్లు నడిపి, స్టేషన్లు కడిగిన ఉద్యోగుల్లో వంద మందికి పైగా ఆ జబ్బుతో పోయారు.

2023 మే 1న ఎఫ్ ట్రైన్‌లో జోర్డన్ నీలీ అనే నల్ల కుర్రవాడు అరిచాడు. ఆకలేస్తోందని, దాహంగా ఉందని, జైలుకి పోయినా చచ్చినా ఫరవాలేదని. ఒకప్పుడు ఇవే పెట్టెల్లో మైకేల్ జాక్సన్‌లా ఆడి నాణేలు ఏరుకున్నవాడు. పద్నాలుగేళ్ళప్పుడు తల్లి హత్యకు గురైంది, ఆ తర్వాత ఆసుపత్రులు, వీధులు. మాజీ సైనికుడొకడు వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి బిగించి నిమిషాల తరబడి వదల్లేదు. నీలీ చనిపోయాడు. చాలా భయపడ్డామని ఆ పెట్టెలో ఉన్నవాళ్ళు కోర్టులో చెప్పారు. అబద్ధం చెప్పారని నేననుకోను. 2024 డిసెంబర్‌లో జ్యూరీ ఆ సైనికుడిని నిర్దోషి అంది.

అప్పటికే స్టేషన్ల మెట్ల దగ్గర తుపాకులతో నేషనల్ గార్డ్ సైనికులు నిలబడి సంచులు చూస్తున్నారు. ఆ తీర్పు వచ్చిన రెండు వారాలకి, కోనీ ఐలాండ్‌లో ఆగి ఉన్న ఎఫ్ ట్రైన్‌లో, సీట్లో నిద్రపోతున్న ఇల్లులేని స్త్రీకి ఒకడు నిప్పంటించాడు. అంటించి, ప్లాట్‌ఫారమ్ మీద బెంచీలో కూర్చుని చూశాడు. మనవాళ్ళు పక్క పెట్టెలోకి మారిపొమ్మనేది ఇలా పడుకున్నవాళ్ళని చూసే. ఆ రోజు డిసెంబర్ 22. గెట్జ్ కాల్చి సరిగ్గా నలభై ఏళ్ళు.

గెట్జ్ తొమ్మిది రోజులు తప్పించుకు తిరిగి, డిసెంబర్ 31న న్యూ హాంప్‌షైర్‌లో పోలీసుల దగ్గరికి నడిచి వెళ్ళి తన పేరు చెప్పాడు. ఈ స్త్రీ ఒళ్ళు గుర్తుపట్టలేనంతగా కాలిపోయింది. ఆమె పేరేమిటో పోలీసులు బయటపెట్టేసరికి ఇక్కడా తొమ్మిది రోజులు పట్టింది. అదీ డిసెంబర్ 31నే.